నాన్నకు మొదటిసారి సముద్రం చూపించాలి. వైజాగ్‌లో మూడు రోజులు ఎలా తిరగాలి?

కొత్తగూడెం అమ్మాయి:

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో మా నాన్నను, మా బాబును తీసుకుని వైజాగ్ వస్తున్నాను. ఖమ్మంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం తెల్లవారుజామున దిగుతాం. సోమవారం సాయంత్రం తిరుగు రైలు.

నాన్నకు 68 ఏళ్లు. సింగరేణిలో 33 ఏళ్లు బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యారు. ఇంతవరకు సముద్రం చూడలేదు. అమ్మ ఉన్నప్పుడు రెండుసార్లు టికెట్లు తీశాం. ఒకసారి నాన్నకు సెలవు దొరకలేదు, ఇంకోసారి అమ్మకే ఒంట్లో బాగాలేదు. అమ్మ పోయి ఏడాది దాటింది. ఇక వాయిదా వేయకూడదని ఈసారి నేనే టికెట్లు తీసి, తర్వాత చెప్పాను.

ఇబ్బంది ఏంటంటే నాన్నకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, దిగేటప్పుడే బాధ. బాబుకు 11 ఏళ్లు, వాడికి సబ్‌మెరైన్ తప్ప ఇంకేం పట్టదు. నేను వేసుకున్న ప్లాన్ ఇది: శనివారం కైలాసగిరి, విశాఖ మ్యూజియం, ఆర్కే బీచ్. ఆదివారం అరకు, బొర్రా గుహలు. సోమవారం సబ్‌మెరైన్, టైముంటే సింహాచలం. ఇది కుదిరే పనేనా?

ఇంకో సంగతి. ఎక్కడికి వెళ్దామన్నా నాన్న, "నేను బయట కూర్చుంటాలే, మీరు చూసి రండి" అంటారు. ప్రతిచోటా అదే మాట. సబ్‌మెరైన్ లోపల ఆయన నడవగలరా? లేక నిజంగానే బయట కూర్చోబెట్టడం మంచిదా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

వన్‌టౌన్ కళాసి:

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను పుట్టి పెరిగింది పోర్టు పక్కనున్న పాత ఊరు వన్‌టౌన్‌లోనే. పోర్టులో కళాసీగా చేరి, పెద్ద ఓడల్ని లాగే టగ్గుల మీద పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి నేను చెప్పేది పోర్టువాడి మాట.

ముందు తొందరగా చెప్పాల్సింది ఒకటుంది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కు సోమవారం సెలవు. మీ ప్లాన్ అలాగే ఉంచితే పిల్లాడు గేటు బయటే నిలబడిపోతాడు. దాన్ని ఆదివారానికి మార్చండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు, ఆదివారం పొద్దున పూట కూడా ఉంటుంది. బయల్దేరే ముందు వేళలు ఒకసారి కనుక్కోండి.

రెండోది, అరకు మానేయండి. వెళ్లడానికే వంద కిలోమీటర్లు దాటుతుంది. బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. మీకున్న మూడు రోజుల్లో ఒకటి బండిలోనే అయిపోతుంది. నాన్నగారు వస్తున్నది సముద్రం కోసం కదా.

ఇక అసలు మాట. బీచ్‌తో మొదలుపెట్టకండి. శనివారం టిఫిన్ చేసి నేరుగా వన్‌టౌన్‌కు రండి. ఇక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్న కొండ అది, తర్వాత ఆ ఇల్లే ప్రార్థన మందిరమైంది. ఆటో ఎంతవరకు వెళ్తే అంతవరకు వెళ్లి, మిగతా దారి ఆగి ఆగి ఎక్కించండి. పైన చెట్టు నీడ చూసుకుని కూర్చోండి.

ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తుంది. సముద్రంలోకి ముక్కు చాచినట్టుండే పెద్ద కొండ. దాని మీది లైట్‌హౌస్ 1957 నాటిది. ఆ కొండకూ మీరున్న కొండకూ మధ్య సన్నటి నీటి దారి ఉంటుంది. మేం దాన్ని ఛానెల్ అంటాం. లోపలి హార్బర్‌కు వచ్చే ఎంత పెద్ద ఓడైనా ఆ సందులోంచే రావాలి. ఓడ కనిపిస్తే మాత్రం కదలకండి, మిగతా ప్లానంతా వెనక్కి పోయినా ఫర్వాలేదు. బయటి సముద్రంలో ఆగి, లోపలికి బయల్దేరిన ఓడ దగ్గరికి ముందు మా పైలట్, అంటే ఓడకు దారి చూపేవాడు, చిన్న బోటులో వెళ్తాడు. కదులుతున్న ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. ఏ దేశం కెప్టెన్ అయినా సరే, ఇక్కడి నీళ్లు తెలిసిన పైలట్ పక్కన లేకుండా లోపలికి రాడు. తర్వాత టగ్గులు వచ్చి తాళ్లు అందుకుంటాయి. ఆ తాడు నా తొడంత లావు ఉంటుంది. బిగుసుకున్నప్పుడు బట్ట పిండినట్టు దాంట్లోంచి నీళ్లు ధారగా కారతాయి. ఆ సమయంలో దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు, తెగితే మనిషిని కొట్టి పడేస్తుంది. మీకు పైనుంచి ఇవన్నీ బొమ్మల్లా కనిపిస్తాయి, కానీ ఓడ మనిషి నడిచినంత నిదానంగా ఆ రెండు కొండల మధ్య నుంచి రావడం చూస్తే ఈ ఊరు ఇక్కడెందుకు పెరిగిందో పిల్లాడికి కూడా అర్థమవుతుంది. పాతరోజుల్లో ఓడలు దర్గా ఎదురుగా వచ్చినప్పుడు జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని మా తాత చెప్పేవాడు.

ఇప్పుడు హార్బర్ ఉన్న చోటంతా ఒకప్పుడు ఉప్పునీటి బురద నేల. ఓడలు దూరంగా నిలబడితే సరుకు పడవల్లో మోసేవారు. మధ్య భారతంలోని మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) నుంచి మాంగనీస్ పంపడానికి దగ్గరి రేవు కావాలని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టుబట్టి తవ్వించింది. 1933లో ఓడల రాకపోకలు మొదలయ్యాయి. అలల తాకిడి ఛానెల్లోకి రాకుండా రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి, డాల్ఫిన్స్ నోస్ పక్కన కావాలనే ముంచేశారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ తీరంలో అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తుంటాయి. హార్బర్ గోడ అడ్డు రావడంతో ఆ ఇసుక దక్షిణం వైపే ఆగిపోతుంది. ఉత్తరం పక్క ఉన్న ఆర్కే బీచ్‌కు అందాల్సింది అందక తీరం కోసుకుపోతుంది. అందుకే ఆగిన ఇసుకను నీటి అడుగు తవ్వే ఓడ, డ్రెడ్జర్‌తో తీసి, గొట్టాల్లో బీచ్‌కు పంపుతారు. మీ బాబు గూళ్లు కట్టుకునే ఇసుకలో కొంత మా డ్రెడ్జర్ పోసిందే.

కొండ దిగాక సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లండి. అక్కడ విక్టరీ ఎట్ సీ అనే స్మారకం ఉంది, 1996లో కట్టారు. పిల్లాడు ఫొటో దిగి వెళ్లిపోతాడు, కానీ మీరు కాసేపు ఆగి చెప్పండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ రేవు ముఖద్వారం దగ్గరే మునిగిపోయింది. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. యుద్ధమని ఊరంతా చీకటి చేశారు, మా అమ్మ కిటికీకి నల్ల కాగితం అంటించింది. పెద్ద చప్పుడుకు లేచాం. గోడకున్న పటాలు గలగలలాడాయి. భూకంపమనుకుని వీధిలోకి వచ్చాం. ఆ చప్పుడు ఏమిటో తర్వాత తెలిసింది. నేను పోర్టులో చేరాక ఆ దారిన బయటికి వెళ్లిన ప్రతిసారీ కింద అది ఉందన్న సంగతి గుర్తొచ్చేది. అందులో ఉన్నవాళ్లు శత్రువులే, అయినా నావికులు.

నాన్నగారి మోకాళ్ల సంగతి. కురుసురకు ఎక్కడానికీ దిగడానికీ ఇనుప మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. లోపల నడవ నేరుగానే ఉంటుంది గానీ ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి కాలెత్తి, తల వంచి దూరాలి. అలాంటివి కొన్ని ఉన్నాయి. వెనక జనం తోస్తుంటే కష్టం కాబట్టి తెరిచీ తెరవగానే వెళ్లండి. బయట కూర్చోబెట్టొద్దమ్మా. 33 ఏళ్లు బాయిలో తల వంచి నడిచిన మనిషికి ఆ ద్వారం ఎలా దాటాలో మనం చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, అంతే. నీళ్లు మోకాలి దాకా కూడా వద్దు. ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహం ఉంది. ప్రతి ఏడాదీ పిల్లలు పోతున్నారు, ఆ కబురు విన్న ప్రతిసారీ మనసు పాడవుతుంది. బాబు చెయ్యి వదలకండి.

రైలు ప్రియుడు:

పెద్దాయన చెప్పినదానికి ఒక్కచోట ఒప్పుకోను. బొర్రా వద్దంటే సరే, కానీ అరకు రైలు మానేయమనడం అన్యాయం. పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఎక్కడా నడవక్కర్లేదు. ఆ లైన్లో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి కొండను ఎలా తొలిచారో చూస్తే తప్పకుండా ఆనందిస్తారు. మా మామగారిని అలాగే తీసుకెళ్లాను, నాలుగు గంటలూ కిటికీ వదల్లేదు.

వన్‌టౌన్ కళాసి:

బాబూ, మీ మాటలో న్యాయం ఉంది. నాలుగు రోజులుంటే నేనూ అదే చెప్పేవాణ్ని. మూడే ఉన్నాయి కాబట్టి సముద్రం వైపు మొగ్గాను.

భీమిలి టీచరమ్మ:

కురుసుర చూశాక ఎదురుగా రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు నేవీలో పనిచేసి 2017లో రిటైరైంది. దాని రెక్కల కింద నిలబడి ప్రొపెల్లర్లను గమనించమని బాబుకు చెప్పండి. ఒక్కో ఇంజనుకు రెండేసి ఉంటాయి, ఒకటి ఒకవైపు తిరిగితే రెండోది దానికి ఎదురు తిరుగుతుంది. మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు అక్కడే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక తొట్లకొండకు వెళ్లండి. భీమిలి రోడ్డులో సముద్రం పక్కనే ఉంటుంది, దాదాపు పైదాకా బండి వెళ్తుంది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. నేవీవాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1992 దాకా తవ్వారు. కొండ రాతిలోకి తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. వాన నీళ్లు వాటిలోకి చేరేలా రాతి మీద కాలువలు చెక్కుకున్నారు. కొండ మీద బావి లేకుండా అంతమంది భిక్షువులు ఏడాది పొడుగునా ఎలా బతికారో ఆ తొట్ల అంచున నిలబడితే తెలుస్తుంది. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఆ కొండ మీది నుంచి చూస్తే సముద్రం తప్ప మరేదీ అడ్డు రాదు, ఓడలు ఎటునుంచి వచ్చేవో ఊహించుకోవచ్చు.

టైము మిగిలితే మా భీమిలికి రండి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూడొచ్చు. కోసుగా పైకి లేచిన స్తంభాల్లాంటి ఆ సమాధుల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. పిల్లలు వేలితో వాటిని దిద్దుతూ పేర్లు చదవడానికి ప్రయత్నిస్తారు. ఇంత దూరం వచ్చి చిన్న వయసులోనే పోయినవాళ్లున్నారని చెబితే తరగతిలో ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా వినరు.

సింహాచలం సోమవారం పొద్దున్నే పెట్టుకోండి. కొండ పైకి బస్సులున్నాయి.

కొత్తగూడెం అమ్మాయి:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మొన్న మంగళవారం ఇల్లు చేరాం. ఏం జరిగిందో రాయకపోతే మనసొప్పదు.

శనివారం కళాసి బాబాయిగారు చెప్పినట్టే రాస్ హిల్ ఎక్కాం. నాన్న కింద నిలబడి యథాప్రకారం "నేను ఇక్కడ కూర్చుంటా" అన్నారు. ఓడలు పైనుంచే కనిపిస్తాయట అని బాబు చెయ్యి పట్టుకుని లాగాడు. అలా మొదటిసారి సముద్రం చూసింది కొండ మీది నుంచే. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవతలి ఒడ్డు లేదు కదా" అన్నారు. గంటన్నర కూర్చున్నాం, ఒక్క ఓడా రాలేదు. లేద్దామనుకుంటుండగా బాబు కేక పెట్టాడు. బయట నిలబడి ఉన్న ఓడ ఒకటి ఇటు తిరిగింది. ఆ తర్వాత ఎంతసేపైందో నాకు తెలియదు. చిన్న బోటు వెళ్లడం చూశాం కానీ పైలట్ ఎక్కడం కనిపించలేదు, దూరం ఎక్కువ. టగ్గులు మాత్రం స్పష్టంగా కనిపించాయి. ఛానెల్లోకి వచ్చాక ఓడ ఎంత పెద్దదో తెలిసింది. కింద చెట్ల మీదుగా ఒక మేడ నడిచి వస్తున్నట్టుంది. నాన్న లేచి నిలబడి, అది మలుపు తిరిగేదాకా కూర్చోలేదు.

ఆదివారం సూర్యోదయానికి ఆర్కే బీచ్‌కు వెళ్లాం. నాన్న చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుకను లాగేస్తుంటే "పట్టు తప్పుతోందే" అని నా భుజం పట్టుకున్నారు. ఆయన నన్ను పట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూశారు కూడా.

ఇక సబ్‌మెరైన్. తెరవగానే లోపలికి వెళ్లాం. మొదటి గుండ్రటి ద్వారం దగ్గర నేను టెన్షన్ పడుతూ చెయ్యి అందించాను. నాన్న అందుకోలేదు. పైనున్న కమ్మీని వెతుక్కోకుండానే పట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత నడుము, చివర్న తల పెట్టి అవతలికి వెళ్లిపోయారు. ద్వారానికి నుదురు తగిలించుకున్నది నేనే. లోపల చూపిస్తున్నాయన నేవీలో పనిచేసి రిటైరైనవారు, తెలుగు మాట్లాడతారు. కురుసుర 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నేవీలో చేరిందని, 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగిందని చెబుతున్నారు. డెబ్బై మందికి పైగా మనుషులు ఆ సందులో ఉండేవారట. ఒకరు డ్యూటీకి లేస్తే అదే పడక మీద ఇంకొకరు పడుకునేవారట. స్నానానికి నీళ్లుండేవి కాదు. అందరూ పడకల ఫొటోలు తీస్తుంటే నాన్న ఆయన్ను అడిగారు: "కింద బ్యాటరీలు ఉన్నయంటున్నరు గదా, గ్యాస్ ఎట్ల చూసేటోళ్లు?"

ఆయన మాట ఆపి నాన్న వైపు తిరిగారు. ఆ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదట. బ్యాటరీలు ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ పుడుతుందని, ఎక్కువైతే నిప్పురవ్వకే పేలుతుందని, ఎప్పటికప్పుడు కొలిచి ఫ్యాన్లతో బయటికి పంపేవాళ్లమని చెప్పారు. నాన్న బాయి సంగతి చెప్పారు. సేఫ్టీ ల్యాంప్ వత్తి తగ్గించి పట్టుకుంటే, గ్యాస్ ఉన్నచోట మంట చుట్టూ నీలం రంగు టోపీ లేస్తుందని, దాని ఎత్తును బట్టి మనుషుల్ని వెనక్కి పంపాలో వద్దో చెప్పేవాళ్లమని. చేత్తో దీపం పట్టుకున్నట్టే పట్టి, కంటి ఎత్తుకు తెచ్చి చూపించారు. మా ఇంట్లో ఆయన బాయి గురించి ఎప్పుడూ మాట్లాడరు. షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకునేవారు. ఆ నీలం మంట సంగతి నాకు ఆరోజే తెలిసింది. బాబు ఆ ఇద్దరి మధ్య నిలబడి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తూ ఉండిపోయాడు. వెనకున్న జనం మమ్మల్ని దాటుకుని వెళ్లారు. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. నాన్న ఆయన్ను అన్నా అని పిలిచారు.

తొట్లకొండ సాయంత్రం చూశాం, టీచరమ్మ గారూ. తొట్టి గోడ మీద ఉలి గాట్లు ఉన్నాయేమోనని నాన్న వంగి వేళ్లతో తడిమారు. భీమిలికి టైము చాల్లేదు. సోమవారం సింహాచలంలో రద్దీ తక్కువే. చందనం కప్పిన స్వామిని చూసి, గుడిలో భక్తులు కౌగిలించుకునే కప్పస్తంభాన్ని మేం ముగ్గురం కూడా కౌగిలించుకున్నాం. చందనం లేని నిజరూప దర్శనం అక్షయ తృతీయ రోజు ఒక్కటే అని పూజారి చెబితే, ఆ రోజు ఎప్పుడొస్తుందని నాన్న వెంటనే అడిగారు. దిగేటప్పుడు కొండ అనాసపండ్లు కొనుక్కున్నాం. అరకు రైలు మిగిలిపోయింది. అన్నయ్యగారి మాట గుర్తుంచుకుంటాను.

బాబాయిగారూ, నాన్న మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. మేం చూసిన ఓడకు నీళ్ల పైన సగం దాకా ఎర్ర రంగు కనిపించింది, ఆ పైన నలుపు. ఎరుపు ఎందుకు, అందులో ఏం వచ్చి ఉంటుంది?

వన్‌టౌన్ కళాసి:

మీరు రాసింది మా ఆవిడకు కూడా చదివి వినిపించానమ్మా.

నాన్నగారు సరైన చోటే చూశారు. ఆ ఎరుపు ఓడ అడుగు భాగానికి వేసే రంగు. నాచు, గవ్వ పురుగులు పట్టకుండా వేస్తారు. సరుకు నిండుగా ఉంటే ఆ భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. ఓడ పక్కన ఒక గుండ్రం, దాని మధ్య గీత ఉంటాయి, అంతకు మించి మునగకూడదని గుర్తు. ముందూ వెనకా అంకెలు కూడా ఉంటాయి, ఎన్ని మీటర్లు మునిగిందో వాటితో చూసుకుంటాం. అంత ఎరుపు పైకి తేలిందంటే మీరు చూసింది ఖాళీ ఓడ. అందులో ఏమీ రాలేదు, ఇక్కడ ఎక్కించుకోవడానికే వచ్చింది. మా దగ్గర అలా ఎక్కేది ఎక్కువగా ఇనుప ఖనిజం. బైలడిల్లా కొండల్లో తవ్వింది కిరండూల్ లైన్లోనే దిగుతుంది, మీరు ఎక్కలేకపోయిన అరకు రైలు నడిచేదీ ఆ పట్టాల మీదే.

బొగ్గు ఓడ చూడాలని ఉంటే ఈసారి వచ్చినప్పుడు ఎరుపు తక్కువగా కనిపించేదాని కోసం చూడమనండి. అది బరువుతో వస్తుంది, ఇంకా నిదానంగా.